చిన్న కొండే కదా అని వెళ్లాం, చీకటి పడ్డాక దిగాం. తప్పు నాదా, లెక్కదా?

నిదానమే_ప్రధానం · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

నిన్న మా ఆయనా నేనూ ఓ కొండెక్కి వచ్చాం. పెద్దదేం కాదు. కింద నుంచి కొన దాకా నాలుగు కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 500 మీటర్లు. మొదటి మూడు కిలోమీటర్లూ మామూలు ఎక్కుడు, చివరి కిలోమీటరు మాత్రం నిటారుగా ఉంటుంది. "ఎక్కి దిగడానికి రెండున్నర గంటలు చాలు" అన్నారు ఈయన. ఈయన వారానికి నాలుగు రోజులు పరిగెత్తే మనిషి. నేను రోజంతా కుర్చీలో కూర్చునే మనిషిని. లిఫ్ట్ పనిచేయనప్పుడు మూడంతస్తులు ఎక్కగలను, అదే నా వ్యాయామం.

11 గంటలకు బయల్దేరాం. కొన చేరేసరికి 2:50. అక్కడ నలభై నిమిషాలు కూర్చున్నాం. తిరిగి కారు దగ్గరికి వచ్చేసరికి 6:40. చలికాలం కదా, చివరి ముప్పావుగంట ఫోన్ వెలుతురులో దిగాం. అది కూడా ఒక్క ఫోనే, అందులోనూ తొమ్మిది శాతం ఛార్జింగ్.

ఎక్కేటప్పుడు ఆయన ముందు, నేను వెనక. ప్రతి మలుపులోనూ ఏదో ఒక బండ మీద కూర్చుని నాకోసం చూసేవారు. విసుక్కోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నేను రొప్పుతూ చేరగానే "వచ్చేశావా, పద" అని లేచేవారు. అదిగో కొన అనుకుని ఎక్కితే దాని వెనక ఇంకో గుట్ట. అలా రెండుసార్లయింది. రెండోసారి "వెనక్కి వెళ్లిపోదాం" అన్నాను. "ఇంత దూరం వచ్చి?" అన్నారు. ఇంక మాట్లాడలేదు. పైకి చేరేసరికి తలనొప్పి, వణుకు.

దిగేటప్పుడు మోకాళ్లు పట్టేశాయి. ఆయనేమో దిగుడు సులువే కదా అని చకచకా వెళ్లిపోయారు. ఒకచోట బాట రెండుగా చీలింది. ఎటు వెళ్లారో తెలియదు. పిలిస్తే పలకలేదు. పది నిమిషాలు అక్కడే నిలబడ్డాను. పది నిమిషాలంటే ఎంతసేపో నిన్నే తెలిసింది.

ఎక్కేటప్పుడు రాని మోకాళ్ల నొప్పి దిగేటప్పుడు ఎందుకు వచ్చింది? నేను నిజంగా అంత నెమ్మదా? వచ్చే నెల మళ్లీ వెళ్దామంటున్నారు. ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.

ఆదివారం_అలసట · ఆదివారం రాత్రి 9:58

అక్కా, ముందు క్షేమంగా దిగారు, అది చాలు. తలనొప్పి, వణుకు అంటే ఎత్తు వల్ల వచ్చే సిక్‌నెస్ అయ్యుంటుంది. పైన ఆక్సిజన్ తక్కువ కదా. మా బావగారికి ఒకసారి అలాగే అయింది.

పాతబూట్లు · ఆదివారం రాత్రి 10:15

అది కాదు తమ్ముడూ. ఎత్తు వల్ల ఒంట్లో తేడా చేయడం మామూలుగా సముద్రమట్టం నుంచి 2500 మీటర్లు దాటాక మొదలవుతుంది. చిన్న కొండల మీద తల నొప్పి పుడితే ముందు అడగాల్సింది నీళ్ల గురించి. ఇద్దరికీ కలిపి ఎన్ని నీళ్లు తీసుకెళ్లారమ్మా? వేసుకున్నది నూలు బట్టలేనా?

నిదానమే_ప్రధానం · ఆదివారం రాత్రి 10:22

రెండు లీటర్లు, ఇద్దరికీ కలిపి. రెండున్నర గంటలకి అదే ఎక్కువ అనుకున్నాం. కొన చేరేసరికి అడుగున నాలుగు గుక్కలు మిగిలాయి. అవునండీ, నూలు టీషర్టే, చెమటకి వీపంతా తడిసి అతుక్కుపోయింది. మీకెలా తెలిసింది?

పాతబూట్లు · ఆదివారం రాత్రి 10:41

నేనూ అలా వణికినవాణ్నే కాబట్టి.

వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. మీ 500 మీటర్లకి మూడు డిగ్రీలు. దానికే ఎవరూ వణకరు. కానీ నూలు బట్ట చెమటని పీల్చి పట్టుకుంటుంది, ఓ పట్టాన ఆరదు. ఎక్కుతున్నంతసేపూ ఒంట్లో పొయ్యి మండుతూ ఉంటుంది కాబట్టి తెలియదు. కొన మీద గాలికి నలభై నిమిషాలు కదలకుండా కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది. సంచిలో ఇంకో పొడి చొక్కా, గాలి ఆపే పల్చటి జాకెట్ పెట్టుకోండి. కొన చేరగానే, కూర్చోకముందే మార్చుకోవాలి.

నీళ్లు మామూలు వాతావరణంలో మనిషికి గంటకి అర లీటరు లెక్కన చూసుకోండి. అలాగని భయంతో దాహం లేకపోయినా లీటర్లకి లీటర్లు తాగెయ్యకూడదు. ఉప్పు లేని నీళ్లు గంటల తరబడి అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. దాంట్లోనూ తలనొప్పీ వికారమే మొదలు.

కానీ మీ పోస్టులో నన్ను ఆపిన వాక్యం ఇది కాదు. రేపు తీరిగ్గా రాస్తాను.

లెక్కల_మాస్టారు · ఆదివారం రాత్రి 11:05

ఆ రెండున్నర గంటలు ఎక్కడివో నేను చెప్తాను. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు. ఇప్పుడు మీటర్లలో చెప్పుకునే రూపం ఇదీ: ప్రతి ఐదు కిలోమీటర్లకి గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. మీది రానూ పోనూ ఎనిమిది కిలోమీటర్లు, అంటే 96 నిమిషాలు. 500 మీటర్ల ఎక్కుడికి 50 నిమిషాలు. మొత్తం రెండు గంటల 26 నిమిషాలు. మీ ఆయన లెక్క తప్పలేదు.

తప్పిందల్లా ఆ లెక్క ఎవరి కోసం అన్నది. బాగా నడక అలవాటున్న మనిషి, మంచి బాట మీద, ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టే సమయం అది. అందులో విశ్రాంతి లేదు, ఫోటోలు లేవు, బూటులో రాయి తీసుకోవడం లేదు. దిగుడుకి విడిగా ఏమీ కలపలేదు. తర్వాత ఎరిక్ లాంగ్‌ముయిర్ దాన్ని సవరించాడు. 12 డిగ్రీల కన్నా ఎక్కువ వాలు దిగాల్సి వస్తే ప్రతి 300 మీటర్లకి పది నిమిషాలు కలపమన్నాడు. నిటారు దిగుడు సులువు కాదని అంటే వాళ్లకీ తెలుసన్నమాట.

నా అలవాటు చెప్తాను, ఇది శాస్త్రం కాదు. వచ్చిన లెక్కకి సగం కలుపుతాను. కొత్తవాళ్లుంటే రెట్టింపు చేస్తాను. ఆపైన కూర్చునే సమయం. మీకైతే ఆరు గంటలు వేసేవాణ్ని. 11కి ఆరు కలిపితే సాయంత్రం ఐదు. అంటే మొదలుపెట్టేటప్పటికే మీ చేతిలో పొద్దు లేదు.

అదే నడక, అదే వేగం, ఉదయం ఏడింటికి బయల్దేరి ఉంటే 2:40కి కారు దగ్గర ఉండేవారు. ఈ చర్చే ఉండేది కాదు.

ఆదివారం_అలసట · ఆదివారం రాత్రి 11:09

మాస్టారూ, సెలవు రోజు ఏడింటికి కొండ కింద ఉండాలంటే లేచేది ఎన్నింటికి? మనుషుల గురించి మాట్లాడండి 😀

నిద్రగన్నేరు · సోమవారం ఉదయం 6:30

ఫిజియోథెరపీ నా వృత్తి కాబట్టి మోకాళ్ల సంగతి నేను తీసుకుంటాను.

ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకుంటూ ఒంటిని పైకి నెడుతుంది. ఆయాసం వస్తుంది కానీ కీలు మీద దెబ్బ పడదు. దిగేటప్పుడు అదే కండరం సాగుతూనే బ్రేక్ వేయాలి. ప్రతి అడుగులో ఒళ్లంతా కిందికి పడుతూ ఉంటే ఆపేది అదే. అలవాటు లేని కండరం ఓ గంట బ్రేక్ వేసి అలసిపోతుంది. అప్పుడు ఆ భారమంతా మోకాలి చిప్ప వెనక పడుతుంది. మీకు జరిగింది అదే. ఇవాళా రేపూ తొడలు ఇంకా పట్టేస్తాయి, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటారు. ఒకటి నుంచి మూడు రోజుల్లో బాగా ఎక్కువై తర్వాత తగ్గుతుంది. అది మామూలే. అలా కాక మోకాలు వాచినా, మడుస్తుంటే ఇరుక్కుపోయినా, నిలబడితే జారిపోతున్నట్టున్నా డాక్టర్‌కి చూపించండి.

ఇక దిగే పద్ధతి. అడుగు చిన్నది వేయాలి. మోకాలు బిగబట్టకుండా కొంచెం మడిచే ఉంచాలి. బాట వెడల్పుగా ఉంటే ఆ వెడల్పులోనే అటూ ఇటూ అడ్డంగా దిగాలి. రెండు ట్రెక్కింగ్ పోల్స్ ఉంటే మోకాళ్ల భారం కొంత చేతుల మీదికి పోతుంది. చదును నేల మీద మోచేయి 90 డిగ్రీలు వచ్చేలా పెట్టుకుని, దిగుడు మొదలయ్యే చోట కొంచెం పొడవు పెంచుకోండి. "ముసలాళ్ల కర్రలు" అని నవ్వేవాళ్లుంటారు. వాళ్ల మోకాళ్లు నా దగ్గరికే వస్తాయి.

కాలిగోళ్లు చూసుకున్నారా?

నిదానమే_ప్రధానం · సోమవారం ఉదయం 7:12

మీరు అడిగాక సాక్స్ తీసి చూశాను. కుడి బొటనవేలి గోరు సగం నేరేడుపండు రంగులో ఉంది. నొక్కితే నొప్పి. ఎక్కడా గుద్దుకోలేదే!

నిద్రగన్నేరు · సోమవారం ఉదయం 7:20

గుద్దుకున్నారు, కొన్ని వేలసార్లు. దిగేటప్పుడు పాదం బూటులో ముందుకి జారి, ప్రతి అడుగుకీ గోరు బూటు ముక్కుకి తగిలింది. గోరు కింద రక్తం చేరితే ఆ రంగు వస్తుంది. రాబోయే వారాల్లో గోరు ఊడినా కంగారు పడకండి, కింద నుంచి కొత్తది వస్తుంది. బాగా ఉబ్బి జివ్వుమని పొడుస్తుంటే మాత్రం చూపించండి.

దిగడం మొదలుపెట్టే ముందు కూర్చుని బూట్ల లేసులు విప్పి మళ్లీ కట్టుకోవాలి. వేళ్ల దగ్గర వదులుగా, చీలమండ దగ్గర బిగుతుగా. మడమ వెనక్కి ఆనాలి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. గోళ్లు ముందు రోజే కత్తిరించుకోవాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది ఎక్కేటప్పుడు కట్టిన ముడితోనే దిగుతారు.

పాతబూట్లు · సోమవారం ఉదయం 8:05

నిన్న నన్ను ఆపిన వాక్యం ఇదీ: "నేను రొప్పుతూ చేరగానే 'వచ్చేశావా, పద' అని లేచేవారు."

అమ్మా, ఒక చిన్న లెక్క వేయండి. ప్రతి మలుపులోనూ ఆయన మీకన్నా ఐదారు నిమిషాలు ముందు చేరారు. అంటే ఐదారు నిమిషాలు కూర్చున్నారు. మీరు చేరిన క్షణంలో ఆయన విశ్రాంతి పూర్తయింది, మీది మొదలే కాలేదు. అప్పుడు ఇద్దరూ లేచారు. ఇలా ఎన్ని మలుపులు? పది అనుకోండి. ఆయన దాదాపు గంట కూర్చుని కొండెక్కారు. మీరు నిలబడకుండా ఎక్కారు. అంటే మీ ఇద్దరిలో దమ్మున్నది ఎవరికో నాకైతే అర్థం కావడం లేదు.

ఆయన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. కూర్చుని ఎదురు చూసేవాడికి తాను ఎంతో ఓర్పుగా ఉన్నాననే అనిపిస్తుంది. నేను పదిహేనేళ్లు అలాగే అనుకున్నాను. మా ఇంటావిడ కొండల్ని ఎందుకు మానేసిందో కనుక్కోవడానికి నాకు అంతకాలం పట్టింది.

మార్గం ఒక్కటే. నెమ్మదిగా నడిచేవాళ్లు ముందు నడవాలి. వేగం వాళ్లదే. వెనకున్నవాళ్లు రెండు మూడు గజాలు వదిలి నడవాలి, మడమలు తొక్కకూడదు. సరైన వేగం ఏమిటంటే పూర్తి వాక్యం ఒకటి ఆగకుండా మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైందన్నట్టు. బరువు సంచి కాళ్ల సత్తువ ఉన్నవాళ్ల భుజాన ఉండాలి. అప్పుడు వేగాలు వాటంతటవే దగ్గరపడతాయి.

గడప_దాటని_గాలి · సోమవారం ఉదయం 10:30

నేను ఒప్పుకోను. వేగంగా నడిచేవాళ్లకి ఆ నడకలోనే సంతోషం ఉంటుంది. దాన్ని ఎందుకు చంపాలి? మేమిద్దరం విడివిడిగానే వెళ్తాం. తను తన స్నేహితులతో, నేను ఒక్కణ్నే. సాయంత్రం ఇంట్లో కలుస్తాం. పదేళ్లలో కొండ గురించి ఒక్క గొడవ లేదు.

ఆదివారం_అలసట · సోమవారం ఉదయం 10:34

కొండ గురించి లేదు. 😀

కొండచిలువ · సోమవారం మధ్యాహ్నం 1:15

నేనే ఆ "మా ఆయన"ని. లింక్ తనే పంపింది, ఒక్క ముక్క రాయకుండా.

ముందు చీలిక దగ్గర సంగతి. నేను ఎడమ బాట పట్టాను, ఎందుకంటే వచ్చింది అటే. తను గుర్తుపడుతుందనే అనుకున్నాను. వంద మీటర్లు పోయాక వెనక్కి చూస్తే లేదు. నిలబడ్డాను. వస్తుందిలే అనుకుని రెండు నిమిషాలు, తర్వాత పిలిచాను. మధ్యలో గుట్ట అడ్డం, గాలి ఎదురు. నా పిలుపు తనకి వినపడలేదు, తన పిలుపు నాకూ వినపడలేదు. వెనక్కి పరిగెత్తాను. అక్కడే నిలబడి ఉంది. ఏడవడం లేదు, అరవడం లేదు. "ఫోన్ ఇవ్వు" అంది అంతే. కారు దాకా ఇంకో మాట లేదు.

ఆ పది నిమిషాలకి నా దగ్గర సమాధానం లేదు. కానీ ఒకటి అడగాలి. ప్రతి మలుపులో "ఎలా ఉన్నావ్" అని అడిగాను. ప్రతిసారీ "బాగానే ఉన్నా" అంది. నాకెలా తెలుస్తుంది?

పాతబూట్లు గారి పోస్టు మూడుసార్లు చదివాను. బండల మీద కూర్చున్న లెక్క నాకు ఎప్పుడూ తట్టలేదు.

నిదానమే_ప్రధానం · సోమవారం మధ్యాహ్నం 1:40

అవును, "బాగానే ఉన్నా" అన్నాను, ఐదారుసార్లు. అప్పటికే లేచి సంచి భుజాన వేసుకుని నిలబడ్డ మనిషికి ఇంకేం చెప్తాం?

నిర్వాహకులు · సోమవారం మధ్యాహ్నం 2:00

భార్యాభర్తలిద్దరూ ఒకే చర్చలో ఉన్నారు కాబట్టి మిగతా సభ్యులు తీర్పులు చెప్పడం తగ్గించి కొండ గురించి రాయగలరు. బూట్ల అమ్మకం పోస్టు ఒకటి తొలగించాం.

లెక్కల_మాస్టారు · సోమవారం సాయంత్రం 6:10

కొండచిలువ గారూ, "ఎలా ఉన్నావ్" అన్న ప్రశ్నకి ఎవరైనా బాగానే ఉన్నాననే అంటారు. గడియారం మొహమాటపడదు, దాన్ని అడగండి. కింద కారు దగ్గరే, ఇంకా ఎవరూ అలిసిపోకముందే, తిరుగు సమయం ఒకటి ఖాయం చేసుకోవాలి. ఫలానా టైముకి ఎక్కడుంటే అక్కణ్నుంచే వెనక్కి, కొన ఇరవై అడుగుల దూరంలో ఉన్నా సరే. పైన నిలబడి తీసుకునే నిర్ణయంలో కొన కనబడుతూ ఉంటుంది, అందుకే అది మంచి నిర్ణయం కాదు.

నిద్రగన్నేరు · సోమవారం రాత్రి 8:45

బాట చీలిన ప్రతి చోటా ముందున్నవాళ్లు ఆగాలి. వెనకున్నవాళ్లు వచ్చి కలిసేదాకా ఆగాలి. ఇది గుర్తింపు పరీక్ష కాదు. వచ్చిన బాటే అయినా దిగేటప్పుడు అటునుంచి చూస్తాం కాబట్టి వేరేగా కనిపిస్తుంది. చీలిక దాటాక వెనక్కి తిరిగి ఓసారి చూడటం ఎక్కేటప్పుడే అలవాటు చేసుకోవాలి. దారి తప్పానని అనుమానం వస్తే ఆవిడ చేసిందే సరైన పని, కదలకుండా నిలబడటం.

పాతబూట్లు · సోమవారం రాత్రి 9:20

దానికి తోడు చెరో ఈల, సంచిలో కాదు, మెడలో. గొంతు పది అరుపులకి పోతుంది, ఈల పోదు. ఆపదలో ఉన్నామని చెప్పాలంటే నిమిషంలో ఆరుసార్లు ఊదాలి, తర్వాత నిమిషం ఆగాలి, మళ్లీ ఆరు. విన్నవాళ్లు నిమిషానికి మూడుసార్లు ఊది బదులిస్తారు. రాత్రయితే టార్చ్‌తో కూడా ఇదే లెక్క. మీ ఇద్దరి మధ్య మామూలుగా "ఎక్కడున్నావ్" అనడానికి ఒక్క ఈల చాలు.

ఫోన్‌ని టార్చ్‌గా నమ్ముకోకండి. సిగ్నల్ లేని చోట అది టవర్ కోసం వెతుక్కుంటూనే బ్యాటరీ తినేస్తుంది. కొండ కింద ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. జీపీఎస్‌కి నెట్‌వర్క్ అక్కర్లేదు, ఉపగ్రహాల నుంచి వినడమే దాని పని. మ్యాప్ మాత్రం ముందు రోజే డౌన్‌లోడ్ అయి ఉండాలి. తలకి కట్టుకునే లైటు చెరొకటి, పగటి నడకైనా సరే.

కొండచిలువ · సోమవారం రాత్రి 9:31

రాసుకున్నాను. ఈలలు తెస్తాను. మాట్లాడటం మొదలుపెట్టింది, ఇప్పటికి "కరెంటు బిల్లు కట్టావా" దగ్గర ఉన్నాం.

నిదానమే_ప్రధానం · ఐదు వారాల తర్వాత, శనివారం సాయంత్రం 5:50

మళ్లీ అదే కొండ. నేనే అడిగాను.

ఉదయం 7:10కి బయల్దేరాం. తిరుగు సమయం 10:30 అని కారు దగ్గరే అనుకున్నాం. నేను ముందు, పెద్ద సంచితో ఈయన వెనక. మొదటి అరగంట నా మడమ రెండుసార్లు తొక్కారు. మూడోసారి ఈల ఊదాను. తర్వాత దూరం పాటించారు. నెమ్మదిగానే నడిచాం కానీ ఎక్కడా ఆగాలనిపించలేదు. అది నాకే వింతగా ఉంది. కూర్చున్నది మూడుసార్లే, మూడుసార్లూ ఇద్దరం ఒకేసారి కూర్చున్నాం. మొదటిసారి ఇదే దారిలో నేనేమీ చూడలేదు. ఈసారి ఒక బండ మీద పిల్ల తొండ ఒకటి ఎండకి కడుపు ఆనించి పడుకుని ఉంటే, అది లేచి వెళ్లేదాకా చూశాం.

రెండో దొంగ కొన దగ్గరికి వచ్చేసరికి 10:30 అయింది. అసలు కొన కనిపిస్తోంది, ఇంకో ఇరవై నిమిషాలు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయనే ముందు కూర్చుని బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టారు.

కొత్త గోరు ఇంకా రాలేదు, మొదట్లో కొంచెం కనిపిస్తోంది.

లెక్కల_మాస్టారు · శనివారం సాయంత్రం 6:05

శుభం. కారు దగ్గరికి ఎన్నింటికి చేరారు? నా పట్టికలో రాసుకోవాలి.

నిదానమే_ప్రధానం · శనివారం సాయంత్రం 6:11

1:05.

కొండచిలువ · శనివారం సాయంత్రం 6:12

1:15 మాస్టారూ. తొండ దగ్గర పది నిమిషాలు తను లెక్కలోంచి తీసేస్తోంది.

నిదానమే_ప్రధానం · శనివారం సాయంత్రం 6:14

తొండ ఎక్కేటప్పుడు కనిపించింది. దిగేటప్పుడు కాదు. 1:05.